తొలి ఇంటరాక్టివ్ గ్రాఫిక్స్: కొత్త భాషా, ఉన్న భాషకు చేర్పులా, సబ్‌రూటీన్లా?

సుస్మిత_ఎంటెక్ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సెమినార్ కోసం 1960ల నాటి ఇంటరాక్టివ్ గ్రాఫిక్స్ తీసుకున్నాను. తెర మీద పెన్నుతో బొమ్మలు గీసుకునే స్కెచ్‌ప్యాడ్ ప్రోగ్రాం దగ్గర మొదలుపెడితే, ఆ తర్వాతి పదేళ్ల పేపర్లలో ఎక్కడ చూసినా "గ్రాఫిక్స్‌కి ఎలాంటి ప్రోగ్రామింగ్ భాష కావాలి" అన్న చర్చే కనిపిస్తోంది. ఒకరు ఫోర్ట్రాన్‌కి కొత్త డేటా టైపు తగిలిస్తారు, ఒకరు ఆల్గాల్‌ని పెంచుతారు, ఇంకొకరు ఏకంగా కొత్త భాషే రాస్తారు. ఇవాళ మనం ఏ భాషలోనైనా ఒక లైబ్రరీ కలుపుకుని గీసేస్తున్నాం కదా. మరి అప్పుడు భాష దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చింది?

మా గైడ్ గారు "ఆ భాషలన్నీ పోయాయి, జీకేఎస్ నుంచి మొదలుపెట్టు" అంటున్నారు. జీకేఎస్ అంటే తర్వాత వచ్చిన గ్రాఫిక్స్ సబ్‌రూటీన్ల ప్రమాణం. నాకు మనసొప్పడం లేదు. ఎక్కడ నుంచి పట్టుకోవాలో చెప్పండి.

వెక్టర్_వాసు | సోమవారం, రాత్రి 10:05

వదలొద్దండి. అసలు సరుకు అక్కడే ఉంది.

గీత గీయడం అప్పట్లో కూడా అంత కష్టమైన పని కాదు. కష్టమంతా గీశాక మొదలయ్యేది. తెర మీద ఒక గీతను యూజర్ లైట్ పెన్‌తో, అంటే తెర వెలుతురును పసిగట్టే పెన్నుతో, చూపించాడనుకోండి. అది ఏ వస్తువులో భాగం? దాన్ని జరిపితే దానికి అంటుకున్న మిగతా గీతలు ఏమవ్వాలి? తీసేస్తే ఏమవ్వాలి? అప్పటి ఫోర్ట్రాన్‌లో ఉన్నవి అర్రేలు, వాటి మీద లూపులు. పాయింటర్ లేదు, రికార్డు లేదు, ప్రోగ్రాం నడుస్తుండగా మెమరీ అడిగి తీసుకునే దారీ లేదు. బొమ్మ మాత్రం యూజర్ చేతిలో పెరుగుతూ తరుగుతూ ఉంటుంది.

స్కెచ్‌ప్యాడ్‌లో ఒక్క వివరం దగ్గరగా చూడండి. ఐవాన్ సదర్లాండ్ 1963 నాటి ఎంఐటీ పీహెచ్‌డీ అది, లింకన్ ల్యాబ్‌లోని టీఎక్స్-2 మీద చేశాడు. ఆ మెషిన్‌లో వర్డు అంటే 36 బిట్లు. తెర మీద వెలిగే ప్రతి చుక్కకూ డిస్‌ప్లే ఫైల్లో, అంటే తెరకు పంపే చుక్కల జాబితాలో, ఒక వర్డు. అందులో 20 బిట్లు ఆ చుక్క ఎక్కడుందో చెబుతాయి. మిగిలిన 16 బిట్లలో, ఆ చుక్కను తెర మీదకు పంపిన వస్తువు మెమరీలో ఎక్కడుందో ఆ అడ్రసు. పెన్నుకు వెలుతురు తగిలిన క్షణాన ఏ చుక్క వెలుగుతోందో మెషిన్‌కి తెలుసు, ఆ వర్డులోనే వస్తువు అడ్రసూ ఉంది. ఇక వెతుకులాట లేదు.

ఆ అడ్రసు దగ్గర ఉండేది రింగ్ స్ట్రక్చర్. ఒక బిందువును వాడుకునే గీతలన్నీ ఆ బిందువు తాలూకు రింగులో ఉంటాయి, ముందుకీ వెనక్కీ పాయింటర్లతో. రింగుకు పెద్దగా ఉన్నదాన్ని తల్లికోడి అనీ, దాని కింద చేరినవాటిని పిల్లలనీ సదర్లాండ్ పిలిచాడు. బిందువును తీసేస్తే రింగు చుట్టూ తిరిగి, అది లేకుండా నిలవలేని గీతలన్నిటినీ తీసేయాలి. ఆ గీతల మీద పెట్టిన షరతులు, అంటే "ఈ రెండూ సమాంతరంగా ఉండాలి" లాంటివి, అవి కూడా పోవాలి. మొత్తం రికర్సివ్‌గా జరిగే పని. దీన్నంతా ఆయన రాసింది అసెంబ్లీ మాక్రోలలో!

ప్రతి రకం వస్తువుకూ ఒక జెనెరిక్ బ్లాకు కూడా ఉండేది. ఆ రకాన్ని ఎలా గీయాలి వగైరా పనులు చేసే సబ్‌రూటీన్ల అడ్రసులు అందులో. ఇప్పుడు మీరు క్లాసు, మెథడ్ అంటున్నది దాదాపు ఇదే. స్మాల్‌టాక్ భాష ఆలోచనకు సిములా భాషతో పాటు స్కెచ్‌ప్యాడ్ కూడా మూలమని, దాన్ని రూపొందించిన అలన్ కే ఎన్నోసార్లు చెప్పాడు.

ఇక మీ ప్రశ్నకు జవాబు. సదర్లాండ్ మాక్రోలతో చేసుకున్నది మిగతావాళ్లు ప్రతిసారీ మొదటి నుంచి చేసుకోలేరు. అందుకే భాష అడిగారు.

రేపల్లె_రవి | సోమవారం, రాత్రి 10:48

వాసు గారు బాగా చెప్పారు. నేను కంపైలర్ల వైపు మనిషిని కాబట్టి అక్కడ నుంచి చెబుతాను.

"గ్రాఫిక్స్ భాష" అని పేపర్లలో కనిపించేవాటిలో చాలావరకు డేటా స్ట్రక్చర్ భాషలే. గీసే కమాండ్లు అందులో పిసరంత. బెల్ ల్యాబ్స్‌లో కెన్ నోల్టన్ చేసిన ఎల్6 (1966) చూడండి. అందులో ఒక బ్లాకులో ఫీల్డు ఏ బిట్టు దగ్గర మొదలై ఎక్కడ ఆగాలో ప్రోగ్రామరే చెబుతాడు, ప్రోగ్రాం నడుస్తుండగా మార్చుకోవచ్చు కూడా. ఎంఐటీలో డగ్లస్ రాస్ బృందం ఆల్గాల్ 60ని పెంచి ఏఈడీ చేసింది. రాస్ మనసులో ఉన్నది ప్లెక్స్ అనే భావన: డేటా, ఆ డేటా ముక్కల మధ్య సంబంధాలు, వాటిమీద నడిచే అల్గారిథం, ఈ మూడూ కలిస్తేనే ఒక వస్తువు. ఎలక్ట్రికల్ ఇంజనీరుకు ఒక భాష, షిప్ డిజైనర్‌కు ఇంకో భాష కావాలి, అవన్నీ సులువుగా తయారుచేసుకునే సామగ్రి మేమిస్తాం అన్నది ఏఈడీ ఉద్దేశం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది లీప్. జెరోమ్ ఫెల్డ్‌మన్, పాల్ రోవ్నర్ 1969లో ప్రచురించారు, అదీ టీఎక్స్-2 మీదే. ఆల్గాల్ లాంటి భాషే కానీ అందులో త్రయాలు ఉంటాయి. మన మాటల్లో రాస్తే:

చివర · గీత7 ≡ బిందువు3

అంటే గీత7కి ఒక చివర బిందువు3. ఇలాంటివి ఎన్నైనా చేర్చుకుంటూ పోవచ్చు. తర్వాత ఎడమ వైపు ఖాళీ వదిలి అడగొచ్చు:

ప్రతి క కోసం, చివర · క ≡ బిందువు3 అయితే, క ని మళ్లీ గీయి

బిందువు జరిగినప్పుడు దాన్ని పట్టుకున్న గీతలన్నీ ఒక్క వాక్యంలో వచ్చేశాయి. రింగు లేదు, పాయింటర్ లేదు, తల్లీ పిల్లా లేదు. లోపల హ్యాష్ కోడింగ్‌తో వెతుకుతుంది. ఏ సంబంధాలు అవసరమవుతాయో ముందే ఊహించి రింగులు కట్టిపెట్టే బాధ తప్పింది. రింగులో ముందే అనుకోని ప్రశ్న అడగాలంటే స్ట్రక్చరే మార్చాలి, ఇక్కడ ప్రశ్న మారిస్తే చాలు.

సుస్మిత గారూ, సెమినార్‌లో మన వాళ్లకి నచ్చే సంగతి ఒకటుంది. లీప్ త్రయాలు స్టాన్‌ఫర్డ్ వాళ్ల సెయిల్ భాషలోకి వెళ్లాయి. కార్నెగీ మెలన్‌లో రాజ్ రెడ్డి గారి బృందం మాటలను గుర్తుపట్టే హియర్‌సే-2ని రాసింది ఆ సెయిల్‌లోనే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మనిషి కదా.

పాతతరం_ఫోర్ట్రాన్ | మంగళవారం, ఉదయం 6:30

ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ ఆ భాషల్ని ఎంతమంది వాడారో కూడా చెప్పాలి కదా. నేను 1970ల చివర్లో ఒక డిజైన్ ఆఫీసులో చేరాను. మా దగ్గర పనిచేసేవాళ్లు స్ట్రక్చరల్ ఇంజనీర్లు, పైపింగ్ వాళ్లు. వాళ్లకు వచ్చిన భాష ఫోర్ట్రాన్ ఒక్కటే. ఏళ్ల తరబడి రాసి, సరిచూసుకున్న లెక్కల ప్రోగ్రాములు డబ్బాల కొద్దీ కార్డుల మీద ఉన్నాయి. "బొమ్మ కావాలంటే ఆల్గాల్ పిల్ల భాష నేర్చుకోండి, మీ లెక్కలన్నీ అందులో మళ్లీ రాయండి" అంటే ఎవరు వింటారు? లెక్క అయిపోగానే ఒక కాల్ పెడితే గీత పడాలి. వాళ్లు అడిగేది అదొక్కటే.

ఐబీఎం ఆ సంగతి ముందే పసిగట్టింది. 2250 డిస్‌ప్లేతో పాటు ఇచ్చిన గ్రాఫిక్ సబ్‌రూటీన్ ప్యాకేజీని ఫోర్ట్రాన్, కోబాల్, పీఎల్/1 నుంచి పిలుచుకోవచ్చు. తర్వాత టెక్‌ట్రానిక్స్ 4010 గ్రాఫిక్స్ టెర్మినల్ (1972), దాంతో ప్లాట్-10 లైబ్రరీ. నేను వాడింది అదే. ఇనిట్, మూవ్-ఎ, డ్రా-ఎ, పని అయ్యాక ఫినిట్. మధ్యాహ్నం భోజనాల లోపు నేర్చుకోవచ్చు.

సుస్మిత_ఎంటెక్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

ధన్యవాదాలు అండీ, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. గ్రాఫ్ అని ఒకటి చూశాను, ఫోర్ట్రాన్‌కి గ్రాఫిక్ చేర్పులు అని 1967 పేపర్. అది భాష కిందకి వస్తుందా, ప్యాకేజీ కిందకా?

రేపల్లె_రవి | మంగళవారం, మధ్యాహ్నం 2:02

నడిమధ్య. ఫోర్ట్రాన్‌లో ఇంటిజర్, రియల్ ఉన్నట్టే డిస్‌ప్లే అనే కొత్త రకం వేరియబుల్ తెచ్చారు. అందులో నిల్వ ఉండేది అంకె కాదు, బొమ్మ. చిన్న బొమ్మలను కలిపి పెద్ద బొమ్మగా ఇంకో వేరియబుల్‌కి ఇవ్వొచ్చు, తెర మీద పెట్టొచ్చు, తీసేయొచ్చు. బొమ్మ కూడా ఒక విలువే అన్న ఆలోచన చాలా గొప్పది. సబ్‌రూటీన్ పిలిస్తే గీత పడిపోతుంది, దాన్ని పట్టుకోవడానికి మన చేతిలో ఏమీ ఉండదు. ఇక్కడ పేరు ఉంది.

పాతతరం గారూ, మీరు ఉదయం చెప్పినదానికి ఇదే నా జవాబు. ఇంజనీరు తన ఫోర్ట్రాన్ వదలక్కర్లేదు, బొమ్మకు మాత్రం భాషలో చోటు దొరికింది.

పాతతరం_ఫోర్ట్రాన్ | మంగళవారం, సాయంత్రం 5:15

చోటు దొరికింది సరే, కంపైలర్ ఎవరిది? ఫోర్ట్రాన్‌కి చేర్పు పెడితే కంపైలర్ మార్చాలి. వేరే మెషిన్‌కి వెళ్తే అక్కడి కంపైలర్ మళ్లీ మార్చాలి. సబ్‌రూటీన్లు అయితే లింక్ చేసుకుంటే సరి. కేంబ్రిడ్జ్ వాళ్ల గినో-ఎఫ్ అన్ని రకాల మెషిన్ల మీదకీ వెళ్లిందంటే అది ఫోర్ట్రాన్ సబ్‌రూటీన్లు కావడం వల్లే. మా ఆఫీసులో మెషిన్ మార్చినప్పుడు డ్రాయింగ్ ప్రోగ్రాములు దాదాపు ఉన్నవి ఉన్నట్టు నడిచాయి. మీ లీప్‌ని అలా తీసుకెళ్లగలిగేవాళ్లా? ఇది గొప్పతనం సంగతి కాదు రవి గారూ, బతుకుతెరువు సంగతి.

వెక్టర్_వాసు | మంగళవారం, రాత్రి 9:40

జనరల్ మోటార్స్ వాళ్లు దీనికి వేరే దారి పట్టారు, అది కూడా చూడాలి. ఐబీఎంతో కలిసి చేసి 1964లో బయటపెట్టిన డాక్-1 అనే కార్ల డిజైన్ వ్యవస్థ కోసం వాళ్లు ఫోర్ట్రాన్ పెట్టుకోలేదు. మిషిగన్ యూనివర్సిటీ మ్యాడ్ భాషను తమకు కావలసినట్టు మార్చుకుని నోమాడ్ అన్నారు. సొంత మెషిన్, సొంత డిస్‌ప్లే, సొంత ప్రోగ్రామర్లు. ఇంకో మెషిన్‌కి తీసుకెళ్లే ఆలోచనే లేనప్పుడు సొంత భాష పెట్టుకోవడంలో నష్టం లేదు. గెలుపోటములు చాలావరకు ఇక్కడే తేలిపోయాయని నా అభిప్రాయం. ఒకే సంస్థ గోడల మధ్య ఉన్నంతకాలం భాషలు బతికాయి. డిస్‌ప్లేలు చౌకై అందరి దగ్గరికీ వెళ్లేసరికి సబ్‌రూటీన్లు మిగిలాయి.

నీలిమ_డెన్వర్ | బుధవారం, ఉదయం 7:55

ఫ్రంట్‌ఎండ్ పని చేస్తాను, ఈ థ్రెడ్ ఆపకుండా చదివాను. న్యూమన్ డిస్‌ప్లే ప్రొసీజర్లు అని ఎక్కడో తగిలింది. ఇప్పుడు మేము స్క్రీన్‌లో ప్రతి భాగాన్నీ ఒక ఫంక్షన్‌గా రాసి, డేటా మారినప్పుడల్లా మళ్లీ నడిపిస్తాం. ఆయన చెప్పిందీ అదేనా?

వెక్టర్_వాసు | బుధవారం, రాత్రి 9:10

చాలా దగ్గరే నీలిమ గారూ. విలియం న్యూమన్ 1971 పేపర్. అప్పటిదాకా అందరూ చేస్తున్నది ఏమిటంటే, ప్రోగ్రాంలో వస్తువుల స్ట్రక్చర్ ఒకటి, డిస్‌ప్లే ఫైల్లో తెర కోసం ఇంకో స్ట్రక్చర్. ఒకటి మారితే రెండోదాన్ని సరిచేస్తూ ఉండాలి. సగం తప్పులు ఆ సరిచేయడంలోనే. న్యూమన్ ఏమన్నాడంటే, బొమ్మని దాచొద్దు, బొమ్మ గీసే ప్రొసీజర్‌నే బొమ్మ అనుకో. ఇల్లు అనే ప్రొసీజర్ లోపల కిటికీ అనే ప్రొసీజర్‌ని పిలుస్తావు. పిలిచేటప్పుడే ఎక్కడ పెట్టాలి, ఎంత చిన్నది చేయాలి, ఎంత తిప్పాలి అనేవి చెబుతావు. ఒకదానిలో ఒకటి పిలిచిన కొద్దీ ఆ మార్పులన్నీ వాటంతట అవే గుణించుకుంటూ పోతాయి. ఇల్లు జరిగితే కిటికీ కూడా జరుగుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ భాషకు నిజమైన పని పడింది. మామూలు సబ్‌రూటీన్ కాల్‌లో ఈ పేర్చుకోవడం లేదు. కాల్‌తో పాటు ట్రాన్స్‌ఫర్మేషన్ నెట్టాలి, తిరిగి వచ్చేటప్పుడు తీసేయాలి. అది భాషలో భాగమైతే ప్రోగ్రామర్ మర్చిపోవడానికి వీలుండదు. చేతితో రాసుకునే ప్యాకేజీల్లో పుష్ చేసి పాప్ మర్చిపోయి రాత్రుళ్లు కూర్చున్న వాళ్లకి దాని విలువ తెలుసు.

కానీ పెన్నుతో చూపించినప్పుడు ఏమవుతుంది? వస్తువు అడ్రసు లేదు, ఎందుకంటే వస్తువే లేదు, ప్రొసీజర్ నడిచి వెళ్లిపోయింది. ఏ కాల్ లోపల ఏ కాల్ ఉండగా ఆ గీత పడిందో ఆ వరసని గుర్తుపెట్టుకోవాలి. అంటే తెర మీద చూపించినదానికి జవాబు ఒక పేరు కాదు, పేర్ల వరస.

అక్షరాల_అనిల్ | బుధవారం, రాత్రి 10:30

పక్క సంగతి ఒకటి. బొమ్మకు వ్యాకరణం రాసే దారి కూడా ఇదే కాలంలో నడిచింది. మన దేశం నుంచి ఆర్. నరసింహన్ గారు అందులో ముందువరస. టీఐఎఫ్ఆర్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) టిఫ్రాక్ కంప్యూటర్ కట్టిన బృందానికి నాయకుడాయన. బొమ్మని వాక్యంలాగా విడదీసి చదవడం మీద 1960లలోనే పనిచేశారు. తర్వాత అలన్ షా చేసిన పిక్చర్ డిస్క్రిప్షన్ లాంగ్వేజ్‌లో ప్రతి ముక్కకూ ఒక తల, ఒక తోక. ముక్కల్ని ఎలా అతికించాలో చెప్పడానికి ఆపరేటర్లు. ఇంటరాక్టివ్ సంగతి కాదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

సుస్మిత_ఎంటెక్ | గురువారం, ఉదయం 11:05

ఇప్పటిదాకా అంతా బొమ్మని ఎలా పట్టుకోవాలి అన్నదే. యూజర్ చేసే పనుల సంగతి భాషల్లో ఎక్కడ వచ్చింది? బటన్ నొక్కాడు, పెన్ను జరిపాడు, మధ్యలో వదిలేశాడు, ఇవన్నీ?

రేపల్లె_రవి | గురువారం, మధ్యాహ్నం 3:40

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. దీనికి కూడా న్యూమన్ దగ్గరికే వెళ్లాలి, 1968 పేపర్, రియాక్షన్ హ్యాండ్లర్.

మామూలు భాషలో ప్రోగ్రాం పెత్తనం చేస్తుంది. ఇక్కడ ఆగు, యూజర్‌ని అడుగు, జవాబు తీసుకుని ముందుకు పో. డ్రాయింగ్ ప్రోగ్రాంలో పెత్తనం యూజర్‌ది. ఏ క్షణాన ఏం చేస్తాడో తెలియదు. దాన్ని ఇఫ్‌లతో, గోటూలతో రాస్తే వారం తర్వాత రాసినవాడికే అర్థం కాదు. న్యూమన్ దాన్ని స్టేట్ డయాగ్రాంగా వేరే రాయమన్నాడు. పెన్ను లాగుతుంటే వెంట సాగే గీతని తీసుకోండి:

ఖాళీ స్థితి: పెన్ను నొక్కితే, మొదటి చివర అక్కడ పెట్టు, లాగుతున్న స్థితికి వెళ్లు.
లాగుతున్న స్థితి: పెన్ను జరిగితే, గీతని కొత్త చోటు దాకా మళ్లీ గీయి, ఇక్కడే ఉండు.
లాగుతున్న స్థితి: పెన్ను వదిలితే, గీతని ఖాయం చేయి, ఖాళీకి వెళ్లు.
లాగుతున్న స్థితి: రద్దు బటన్ నొక్కితే, గీతని చెరిపేయి, ఖాళీకి వెళ్లు.

నాలుగు వరసలు. ఇందులో లేని పని యూజర్ చేస్తే ఏమీ కాదు. ఖాళీగా ఉన్నప్పుడు రద్దు నొక్కితే ఏం చేయాలి అని ఎక్కడా రాయలేదు, రాయక్కర్లేదు. గీసే కోడు వేరు, సంభాషణ వేరు. బొమ్మల భాషలన్నిటికంటే ఈ చిన్న టేబులే పెద్ద అడుగు అని నేనంటాను.

వెక్టర్_వాసు | గురువారం, రాత్రి 8:20

రవి గారితో ఇక్కడ పూర్తిగా ఏకీభవిస్తాను. ఇంకోవైపు నుంచి టామ్ డిఫాంటి గ్రాస్ (1974, ఒహాయో స్టేట్) చూడండి. ఇంటర్‌ప్రెటర్ భాష. డయల్ తిప్పితే వచ్చే విలువను నేరుగా బొమ్మ తిరగడానికి కట్టేయొచ్చు, మధ్యలో లూపు రాయక్కర్లేదు. ప్రోగ్రామర్లు కాని ఆర్టిస్టులు దాంతో పనిచేశారు. 1977 స్టార్ వార్స్‌లో దాడికి ముందు పైలట్లకు చూపించే వైర్‌ఫ్రేమ్ బొమ్మని లారీ క్యూబా చేసింది గ్రాస్‌తోనే.

ఇక మీ గైడ్ గారి జీకేఎస్. 1976లో ఫ్రాన్స్‌లోని సెయాక్‌లో జరిగిన సమావేశం, 1977లో సిగ్‌గ్రాఫ్ అనే గ్రాఫిక్స్ సంఘం వాళ్లు ప్రతిపాదించిన కోర్ ప్రమాణం, 1985లో ఐఎస్ఓ ప్రమాణంగా జీకేఎస్. వీళ్లు తీసుకున్న ముఖ్య నిర్ణయం ఒకటే: వస్తువుల మోడల్ అప్లికేషన్ చూసుకోవాలి, గ్రాఫిక్స్ ప్యాకేజీ చూపించడం వరకే. సదర్లాండ్ 36 బిట్ల వర్డులో కలిపి ఉంచినవాటిని వీళ్లు విడదీశారు. ఇన్‌పుట్‌ని కూడా ఏ పరికరమన్నది వదిలేసి ఆరు రకాలకు కుదించారు: చోటు చూపేది, చోట్ల వరస ఇచ్చేది, విలువ ఇచ్చేది, ఎంపిక, వస్తువును చూపేది, అక్షరాలు. దానివల్లే ప్రోగ్రాములు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లగలిగాయి. కానీ రవి గారి నాలుగు వరసల టేబుల్‌కి అందులో చోటు లేదు, దాన్ని ఎవరికి వారే రాసుకోవాలి. సుస్మిత గారూ, జీకేఎస్‌తో మొదలుపెడితే మీకు ఈ కోత కనిపించదు, ఎందుకంటే అప్పటికే కోసేశారు. 1989లో ఫిగ్స్ అనే ఇంకో ప్రమాణం వచ్చి ఒకదానిలో ఒకటి ఉండే స్ట్రక్చర్లను మళ్లీ ప్యాకేజీ లోపలికి తెచ్చింది, అది కూడా చివర్లో ఒక స్లైడ్ పెట్టండి.

పాతతరం_ఫోర్ట్రాన్ | శుక్రవారం, ఉదయం 6:10

వాసు గారి వరస బాగుంది. అమ్మా సుస్మిత, ఊరికే స్లైడ్లు చూపించకు, నడిపించి చూపించు. లినక్స్ మెషిన్ మీద ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రాం ఉంటుంది కదా, అందులో టెక్‌ట్రానిక్స్ 4014 మోడ్ ఉంది. చాలా లినక్స్‌లలో మైనస్ టీ ఆప్షన్‌తో తెరిస్తే ఆ కిటికీ వస్తుంది. ఒక త్రిభుజం గీయించు, ఒక మూల జరపమను. ఫోర్ట్రాన్ అర్రేలతో ఒకసారి, రవి గారి త్రయాలతో ఒకసారి, స్టేట్ టేబుల్ పెట్టి ఒకసారి. తేడా క్లాసులో అందరికీ కనబడుతుంది.

సుస్మిత_ఎంటెక్ | శుక్రవారం, రాత్రి 11:25

ల్యాబ్‌లో తెరుచుకుంది సర్! త్రిభుజం వచ్చింది, క్రాస్‌హెయిర్‌తో మూల ఎంచుకోవడం కూడా అవుతోంది. కానీ మూల జరిపితే పాత గీతలు అలాగే ఉండిపోతున్నాయి, కొత్తవి వాటి మీద పడుతున్నాయి. త్రయాలతో చేసిన ప్రోగ్రాంలో కూడా ఇంతే. నా కోడ్‌లో ఎక్కడైనా తప్పుందా?

పాతతరం_ఫోర్ట్రాన్ | శనివారం, ఉదయం 6:05

తప్పేం లేదమ్మా, అది స్టోరేజ్ ట్యూబ్ లక్షణం, ఎక్స్‌టెర్మ్ కూడా దాన్నే అనుసరిస్తోంది. ఆ తెర ఒక గీతని విడిగా చెరపలేదు. ఎస్కేప్ తర్వాత ఫామ్‌ఫీడ్ పంపించు, తెర మొత్తం తుడుచుకుపోతుంది, ఆపైన బొమ్మంతా మొదటి నుంచి గీయించు. అప్పట్లో మేము మూడు నాలుగు మార్పులు పోగయ్యేదాకా ఆగి ఒకేసారి తుడిచేవాళ్లం, ఎందుకంటే పెద్ద డ్రాయింగు మళ్లీ పడేసరికి టీ తాగి రావచ్చు. రవి గారి సాగే గీత ఆ కిటికీలో చూపించలేవు, దానికి మామూలు గ్రాఫిక్స్ విండో వాడు. రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకో.